నువ్వు చూశాక నేనూ చూడాలి

ప్రావిడెన్స్,
1993 అక్టోబరు

వెర్నా అక్కా,

ఫోను చేద్దామని రిసీవరు ఎత్తి మళ్ళీ పెట్టేశాను. ఫోనులో అయితే మనిద్దరం ఎక్కడ మొదలుపెట్టినా అమ్మ వెండి చెంచాలు ఎవరికి దక్కాయన్న దగ్గరే తేలతాం. అందుకే రాస్తున్నాను. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు.

నీ ఉత్తరంలో వానలు లేవని ఒక పేజీ రాశావు. పొట్టేలు కాలికి కురుపు లేచిందని ఇంకో పేజీ. చివర్లో, సంతకం పక్కన జాగా మిగిలిందని కాబోలు, "ఒక రివాల్వరు కొన్నాను" అని ఒక్క ముక్క. ఉల్లిపాయలు కొన్నానన్నట్టు. అది చదివిన దగ్గర్నుంచి నాకు తిండి సయించడం లేదు.

ఓర్వల్ బావ రైఫిలు మీ ఇంట్లో ఎప్పుడూ ఉండేది, నేనేమీ అనలేదు. అది గొర్రెల మీద పడే నక్కల కోసం. నక్కల కోసం ఉంచుకున్న తుపాకీ వేరు, మనిషి కోసం కొన్న తుపాకీ వేరు. బావ పోయి ఏడాదైనా కాలేదు. ఆ మైదానంలో ఒక్కదానివే ఉన్నావు, భయం వేస్తుంది, కాదనను. భయం వేస్తే గొర్రెల్ని అమ్మేసి ఇక్కడికి వచ్చెయ్యి. మా ఆయన ఫిల్ కూడా అదే అంటున్నాడు, మేడ మీది గది నీకోసం ఖాళీ చేస్తానంటున్నాడు.

బడిలో నా దగ్గర పాట నేర్చుకునే పిల్లాడొకడు ఉండేవాడు. మంచి గొంతు. ఒకరోజు వాడు వాళ్ళ నాన్న మంచం పక్కన తుపాకీ ఉన్న సొరుగు తెరిచాడు. ఇంతకన్నా రాయలేను. ఆ ఏడాదంతా ముందు వరసలో వాడి కుర్చీ తీయడానికి మాకెవరికీ చేతులు రాలేదు. వాళ్ళ నాన్న కూడా జాగ్రత్తగానే ఉంటాడని అందరూ అన్నారు.

కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఆ వస్తువు ఆ ఇంట్లో ఉన్నంతకాలం వచ్చే వేసవికి టెస్‌ని పంపను. నా మనవరాలికి నీ గొర్రెపిల్లలంటే ఎంత పిచ్చో నీకు తెలుసు. దానికి ఏం చెప్పమంటావో నువ్వే రాయి.

నీ చెల్లెలు,
గ్లెండా


బిట్టర్‌వెల్, మొంటానా,
1993 నవంబరు

గ్లెండాకి,

వెండి చెంచాలు నాకే దక్కాయి. అది తేలిపోయింది కాబట్టి అసలు సంగతికి వద్దాం.

నీకు చెప్పకుండా దాచిన ముక్క ఒకటుంది. డ్వేన్ అని మా దగ్గర పనిచేసేవాడు, గుర్తుందా? గుర్రాన్ని గొలుసుతో కొట్టాడని మీ బావ వాణ్ణి పంపించేశాడు. వాడు మొన్న ఆగస్టులో తాగి వచ్చాడు. వంటింటి తలుపు గొళ్ళెం ఊపి చూశాడు. నేను లోపలినుంచి పొమ్మంటే మెట్ల మీద కూర్చుని, "ఓర్వల్ లేడుగా. ఇప్పుడు నన్ను పొమ్మనేదెవరు?" అన్నాడు. మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాడు. షెరీఫుకి ఫోను చేశాను. పాపం ఆయన మంచివాడే, కానీ ఈ జిల్లా అంతటికీ ఆయనా ఒక్క డిప్యూటీనూ. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, డ్వేన్ వెళ్ళిపోయాక వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు. మీ ఊళ్ళో అయితే ఫోను పెట్టేసేలోపు వీధి చివర సైరను వినిపిస్తుంది. ఇక్కడ గాలి తప్ప ఏదీ తొందరగా రాదు.

అప్పుడు కొందామనుకున్నాను. అనుకున్న రోజే కొనలేదు, అది విను. ముందు బెర్నీస్ దగ్గరికి వెళ్ళాను. మా పక్క పశువుల క్షేత్రం మొగుడూ పెళ్ళాలు, హాల్వర్, బెర్నీస్. పక్క అంటే నాలుగు మైళ్ళు. ఆవిడకి డెబ్భై దాటాయి. చర్చి కింది గదిలో తుపాకీ పాఠాలు చెబుతుంది. ఆవిడ దగ్గర నేర్చుకోనిదే ఈ చుట్టుపక్కల ఎవరూ కొనరు. కొన్నా ఆవిడ ముందు చెప్పుకోరు.

మొదటి రోజు తుపాకీయే లేదు. పెయింటు వేసిన చెక్కముక్క ఇచ్చింది. ఒకాయన, మంచి ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి, దాన్ని పక్కవాడి వైపు తిప్పి నవ్వాడు. బెర్నీస్ ఆయన చేతిలోంచి చెక్కముక్క తీసుకుని, "నాయనా, నీకా నవ్వు తగ్గాక రా" అని ఇంటికి పంపేసింది. తర్వాత మా అందరివైపూ తిరిగి, "ఎవర్ని కాల్చడానికి వచ్చారు?" అంది. ఆ వెంటనే, "ఎవర్నీ కాల్చకుండా ఈ జన్మ గడిచిపోవాలని వచ్చినవాళ్ళు కూర్చోండి. మిగతావాళ్ళకి పై గదిలో రొట్టెలున్నాయి, తిని వెళ్ళండి" అంది. ఆవిడకి అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది.

ఇల్లు అలకగానే పండగ కాదు, తుపాకీ కొనగానే రక్షణ కాదు, ఆవిడ మొదట నేర్పేది అదే. ముందు తలుపుకి గట్టి గడియ పెట్టించింది. ఆ తర్వాత పెరట్లో లైటు. తర్వాత కుక్క. మా బిస్కట్‌ని నువ్వు చూళ్ళేదు, పేరు మెత్తనిదే గాని గొంతు రంపం. తర్వాత ఫోను పడక పక్కకి మార్పించింది. ఇవన్నీ అయ్యాక, అన్నిటికన్నా చివర, తుపాకీ. "దాన్ని చూపించి భయపెడదామని మాత్రం తియ్యకు అమ్మాయ్. ప్రాణం మీదికి వస్తే తప్ప పెట్టె తెరవకు. తలుపు అవతల ఉన్నవాడు తలుపు అవతలే ఉంటే వాడు షెరీఫు పని, నీ పని కాదు." ఇవి ఆవిడ మాటలే. ఎదురుగా ఏముందో, దాని వెనక ఏముందో తెలియకుండా వేలు మీట మీదికి వెళ్ళకూడదని నా చేత కలలో కూడా చెప్పించగలదు.

నా రివాల్వరు ఇనప్పెట్టెలో ఉంటుంది. పెట్టె గోడకి బిగించి ఉంటుంది. దాని తాళం తెరిచే అంకె నా బుర్రలో తప్ప ఏ కాగితం మీదా లేదు, ఆ అంకె ఎవరి పుట్టినరోజూ కాదు. నువ్వు చెప్పిన ఆ సొరుగు కథ బెర్నీస్‌కి చదివి వినిపించాను. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి చదివింది. "సొరుగు దాచిపెట్టే చోటు. తాళం వేసే చోటు కాదు. ఆ తేడా అందరికీ చెప్పే ఓపిక నాకు ఇంకా ఉండాలి" అంది.

ఒక్క తప్పు చేశాను, అది చెబితే నవ్వుతావు. హాల్వర్ తుపాకీ తెరిచి, ఖాళీగా ఉందని నా కళ్ళముందే చూసి నా చేతికిచ్చాడు. పెద్దమనిషి చూశాడు కదా, మళ్ళీ చూస్తే అవమానిస్తున్నట్టు ఉంటుందని నేను చూడకుండా బల్ల మీద పెట్టేశాను. బెర్నీస్ నన్ను కడిగేసింది. ఇక్కడి మర్యాద తిరగేసి ఉంటుంది గ్లెండా. నీ కళ్ళముందే చూసి ఇచ్చినా నువ్వు మళ్ళీ చూడాలి. తీసుకున్నవాడు చూడకపోతే ఇచ్చినవాడికి కోపం వస్తుంది. మొగుడు ఇచ్చినా పెళ్ళాం చూస్తుంది, చర్చి ఫాదరు ఇచ్చినా చూస్తారు. ఎవరూ నొచ్చుకోరు. మీ ఊళ్ళో ఒకరి మాట నమ్మడం గౌరవం. ఇక్కడ ఈ ఒక్క వస్తువు దగ్గర మాత్రం నమ్మకపోవడమే గౌరవం.

గొర్రెల్ని అమ్మను. మేడ మీది గదికి ఫిల్‌కి థాంక్స్ చెప్పు.

అక్క,
వెర్నా


ప్రావిడెన్స్,
1993 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం ఫిల్‌కి చదివి వినిపించాను. అంతా విని, "నాకు బండి నడపడం కూడా బెర్నీస్ నేర్పి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆ డ్వేన్ గురించి ఇన్నాళ్ళూ చెప్పనందుకు నీమీద కోపంగా ఉంది. ఆ కోపం వేరే ఉత్తరంలో.

నేను మొండిదాన్నే కాని మూర్ఖురాలిని కాదు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను, అక్కడ నాకు వంక దొరకలేదు. గడియ, లైటు, కుక్క, పెట్టె అన్నీ బాగున్నాయి. టెస్ వాళ్ళమ్మకి చెప్పాను. వచ్చే జూన్‌లో టెస్‌ని పంపడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. తుపాకీ కంటబడితే ఏం చెయ్యాలో దానికి బెర్నీస్ స్వయంగా చెప్పాలన్నది ఒక్కటే షరతు.

కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పెట్టెకి తాళం పిల్ల కోసం. గడియ డ్వేన్ కోసం. ఆ పెట్టె అంకె తెలిసిన మనిషినుంచి ఆ మనిషిని ఎవరు కాపాడతారు? ఇంత పొడుగు ఉత్తరంలో నువ్వెలా ఉన్నావో ఒక్క ముక్క లేదు. బావ ప్రస్తావన ఈసారి రెండుచోట్ల తెచ్చావు, రెండుసార్లూ కలం అక్కడ ఆగినట్టు సిరా ఊరింది. నీమీద నీకే నమ్మకం లేని రోజు ఒకటి వస్తే అప్పుడేం చెయ్యాలో బెర్నీస్ చెప్పిందా?

క్రిస్మస్‌కి కేకు పంపాను. చితక్కుండా వస్తే నీది, చితికితే బిస్కట్‌ది.

గ్లెండా


బిట్టర్‌వెల్,
1994 జనవరి

గ్లెండా,

కేకు అందింది. చలి బాగా ఉంది. గొర్రెలు బాగానే ఉన్నాయి. మంచులో రెండు పోయాయి.

టెస్‌ని ఈ ఏడు పంపకు. తుపాకీ గురించి కాదు. ఇల్లు సర్దుకోలేదు, అంతే. పిల్లకి ఏదో ఒకటి చెప్పు.

వెర్నా


ప్రావిడెన్స్,
1994 ఫిబ్రవరి

అక్కా,

వద్దన్నది నేను, వివరంగా రాసి ఒప్పించింది నువ్వు. ఇప్పుడు నేను ఒప్పుకున్నాక నువ్వు వద్దంటున్నావు. ఇల్లు సర్దుకోలేదట. గొర్రెపిల్లల్ని వంటింట్లో పొయ్యి పక్కన పెంచిన మనిషివి, ఏనాడు సర్దావు ఇల్లు?

ఆదివారం ఫోను చేస్తే "బాగానే ఉన్నాను" అని మూడుసార్లు అన్నావు. ఒక్కసారి అంటే నమ్మేదాన్ని.

నేను అడిగినదానికి జవాబు రాయలేదు. మనసు నొప్పించి ఉంటే తిట్టు, పడతాను. చిన్నప్పటినుంచీ నీ తిట్లు తినే పెరిగాను, ఒంటికి పడతాయి. ఈ మౌనం మాత్రం నాకు అలవాటు లేదు. ఏదో ఒకటి రాయి. గొర్రెల గురించి అయినా సరే, పేజీ నిండా రాయి.

గ్లెండా


బిట్టర్‌వెల్,
1994 మార్చి

గ్లెండా,

ఇది రాయడానికి చాలా రోజులుగా కూర్చుంటున్నాను. ఈరోజు పూర్తి చేసే లేస్తాను.

నువ్వు డిసెంబరులో అడిగిన ప్రశ్నకి జవాబు నాకు అప్పటికే తెలుసు. బెర్నీస్ ఆఖరి పాఠం అదే. అది నీకు రాయలేదు, ఎందుకంటే అది నాకు అవసరం పడదనుకున్నాను. క్రిస్మస్ తర్వాత చీకటి త్వరగా పడే రోజులు. మీ బావ పోయాక మొదటి చలికాలం. పొద్దున లేవబుద్ధి కాదు, లేస్తే పడుకోబుద్ధి కాదు. చావాలనుకున్నానని చెప్పలేను. బతికి చేసేదేముందని మాత్రం అనిపించేది, అది ఒకరోజు కాదు. నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. పెట్టె అంకె తెలిసిన మనిషినుంచి ఆ మనిషిని ఎవరు కాపాడతారని రాశావే, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

మర్నాడు పొద్దునే తుపాకీ ఖాళీ చేసి, మీ బావ రైఫిలు కూడా తీసి, పికప్ బండిలో పెట్టుకుని బెర్నీస్ ఇంటికి వెళ్ళాను. అక్కడికి వెళ్ళి గుమ్మంలో నిలబడి, "వీటిని కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుతారా?" అన్నాను. ఇక్కడ ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. విడాకులైనవాడు అంటాడు, కొడుకుని పోగొట్టుకున్నవాడు అంటాడు. ఎవరూ ఎందుకని అడగరు. ఎవరూ ఊళ్ళో చెప్పుకోరు. హాల్వర్ నా చేతుల్లోంచి తీసుకుని తెరిచి చూశాడు. బెర్నీస్ మళ్ళీ చూసింది. లోపల పెట్టి తాళం వేసి వచ్చి నాకు బంగాళాదుంప రొట్టె పెట్టింది. అప్పుడు ఏడ్చాను. ఆవిడ పక్కన కూర్చుని వెన్న రాస్తూనే ఉంది, నేను తింటున్నానా లేదా అని కూడా చూడనట్టే.

వెళ్ళేటప్పుడు, "తుపాకీ కొన్న రోజు నీమీద నాకింత గౌరవం లేదు అమ్మాయ్" అంది. డాక్టరు దగ్గరికి ఆవిడే తీసుకెళ్ళింది. మందు ఇచ్చారు, మాట్లాడడానికి ఒక మనిషిని చూపించారు. వారానికోసారి వెళ్తున్నాను. ఇప్పుడు నిద్ర పడుతోంది.

ఇంకొకటీ దాచకుండా చెబుతాను. ఫిబ్రవరిలో డ్వేన్ మళ్ళీ వచ్చాడు. ఇంట్లో తుపాకీ లేదు. బిస్కట్ గొంతు చించుకుంది. లైట్లన్నీ వేశాను, గడియ పెట్టాను, షెరీఫుకీ హాల్వర్‌కీ ఫోను చేశాను. నిజం చెప్పాలంటే, ఆ ఖాళీ పెట్టె ఉన్న గోడ వైపు చూశాను. అయినా ఇచ్చేసినందుకు ఒక్క క్షణం కూడా బాధపడలేదు. హాల్వర్ పికప్ దూరంగా కనబడగానే వాడు బండెక్కాడు, దారిలో డిప్యూటీకి దొరికాడు. ఇటువైపు రాకూడదని జడ్జి కాగితం ఇచ్చాడు. అయినా కాగితం గడియ కాదు కదా. అందుకే తుపాకీ నాకు మళ్ళీ కావాలి.

అడిగాను. బెర్నీస్ ఇవ్వనంది. "నువ్వు బాగున్నానంటే సరిపోదు. నిన్ను చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్ళు ఎవరైనా వచ్చి, నీతో నాలుగు రోజులుండి, ఇవ్వొచ్చంటే ఇస్తాను" అంది.

నన్ను చిన్నప్పటినుంచీ ఎరిగినదానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే మిగిలావు. వస్తావా?

వెర్నా


ప్రావిడెన్స్,
1994 ఏప్రిల్

అక్కా,

ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత లేచి టికెట్లు కొన్నాను. జూన్ మొదటి వారంలో నేనూ టెస్సూ వస్తున్నాం.

దేవుడి పరాచికం కాకపోతే ఏమిటిది. ఆ తుపాకీ వద్దని మొదటి ఉత్తరం రాసినదాన్ని నేను. ఇప్పుడు అది ఇవ్వొచ్చో లేదో చెప్పాల్సింది నేనే. ఫిల్ అయితే, "జడ్జి గారూ, సూట్‌కేసు సర్దమంటారా" అని ఆట పట్టిస్తున్నాడు.

నువ్వు ఇచ్చేశావని చదివిన క్షణంలో నా భయం సగం పోయింది. తుపాకీ గురించి నాకున్న భయమంతా, ఉన్నవాళ్ళు దాన్ని ఎప్పటికీ వదలరనే. నువ్వు వదిలావు. నా బడిలో ఆ పిల్లాడి నాన్నకి ఒక బెర్నీస్ ఉండి ఉంటే అనుకున్నాను. నిన్ను చూస్తే గర్వంగా ఉంది, ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే అక్కడికొచ్చాక నేను కఠినంగా ఉంటాను.

నువ్వు బాగున్నానంటే నమ్మను. నా కళ్ళతో చూస్తాను. చూసి, ఇంకా కాదనిపిస్తే కాదనే చెబుతాను. నొచ్చుకోకూడదు. అది మీ ఊరి మర్యాద అని నువ్వే నేర్పావు.

గ్లెండా


బిట్టర్‌వెల్,
1994 జులై

నా చెల్లెలికి,

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. టెస్ రెండు గొర్రెపిల్లలకి పేర్లు పెట్టి వెళ్ళింది, ఇప్పుడు వాటిని ఎలా అమ్మను? బెర్నీస్ నేర్పిన పాఠం టెస్ రోజూ బిస్కట్‌కి అప్పజెప్పేది. "కంటపడితే ముట్టుకోకు, గదిలోంచి బయటికి పో, పెద్దవాళ్ళకి చెప్పు." బిస్కట్ శ్రద్ధగా వినేది. ఇప్పుడు ఈ జిల్లాలో అంత జాగ్రత్త గల కుక్క ఇంకోటి లేదు.

ఆ ఆఖరి రోజు సంగతి ఇద్దరం మాట్లాడుకోలేదు. నేను రాస్తాను.

బెర్నీస్ వంటింటి బల్ల మీద రివాల్వరు పెట్టింది. హాల్వర్ తెరిచి చూశాడు, బెర్నీస్ చూసింది, నేను చూశాను. తర్వాత ఆవిడ నీవైపు జరిపింది. జన్మలో దాన్ని ముట్టుకోనిదానివి, చేతులు స్కర్టుకి తుడుచుకున్నావు, కళ్ళద్దాలు తుడుచుకున్నావు, వంగి తూటాలు పెట్టే ఒక్కొక్క గదిలోకీ చూశావు. "ఖాళీ" అన్నావు. అప్పుడు తలెత్తి నావైపు చూశావు. దాన్ని చూసినదానికన్నా ఎక్కువసేపు చూశావు.

"ఇంకా కాదండీ" అన్నావు బెర్నీస్‌తో. "అక్టోబరుదాకా ఉండనివ్వండి."

"ఎందుకో చెబుతావా?" అంది ఆవిడ.

"మా అక్క ఇంకా సింకు దగ్గర నిలబడే తింటోంది. మాకు వడ్డిస్తుంది, తను మాత్రం కూర్చోదు. మా బావ ఉన్నప్పుడు భోజనమంటే గంటసేపు. కూర్చుని తినేదాకా ఇవ్వకండి."

గ్లెండా, నాకు ఒళ్ళు మండింది. ఇంటిదాకా నీవైపు తిరగకుండా బండి నడిపాను, నువ్వు గమనించే ఉంటావు. నిలబడి తింటున్నానని నాకే తెలియదు. మీ బావ పోయినప్పటినుంచీ అని నీ మాట విన్నాకే తెలిసింది. గేటు దగ్గర టెస్ దిగి తలుపు తీస్తుంటే, నా కోపం అక్కడే దిగిపోయింది. నువ్వు దయతలచి సరేనని ఉంటే, ఈపాటికి నీమీద నాకు గౌరవం కొంచెం తగ్గి ఉండేది.

మొన్న బెర్నీస్ వచ్చింది. "మీ చెల్లెలు తరగతికి రాకుండానే పాసయింది" అంది. గడియలు ఇంకోసారి ఊపి చూసింది. డ్వేన్ ఈ రాష్ట్రం వదిలి వెళ్ళాడని షెరీఫు చెప్పాడట. ఆవిడ ఆ మాట నమ్మి ఊరుకోలేదు, ఇంకో ఇద్దర్ని అడిగి వచ్చింది.

నిన్న సాయంత్రం టెస్ కూర్చున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ప్లేటు, చెంచా, అమ్మ వెండి చెంచాయే, ముందు పెట్టుకున్నాను. మొదట్లో ఎదురుగా చూడలేకపోయాను. తర్వాత మీ బావ కుర్చీ వైపు చూస్తూనే తిన్నాను, సూపు చల్లారిపోయేదాకా తిన్నాను.

కూర్చుని తింటున్నాను గ్లెండా. నా మాట నమ్మకు. అక్టోబరులో వచ్చి నువ్వే చూడు.

అక్క,
వెర్నా